నూజివీటి వీణయు, ఆటోనగరు యంత్రమును

విజయవాడ నగరమునకు తూర్పుభాగమున బందరు రోడ్డు నానుకొని మా పటమట యున్నది. ఇప్పుడది నగరములోని పేటయే గాని, లోపలి సందులలో పల్లెవాసన ఇంకను పోలేదు. తెల్లవారుజామున రైతుబజారునకు కూరగాయల బండ్లు వచ్చును. వాకిళ్ళలో ముగ్గులు పడును. ఆ సందడి తగ్గుసరికి మఱియొక సందడి మొదలగును. మా పేట ప్రక్కనే 1966వ సంవత్సరమున ఏర్పడిన ఆటోనగరు కలదు. లారీలకు తొట్లు కట్టువారు, ఇరుసులు సరిచేయువారు, లేతుయంత్రములపై ఇనుము చెక్కువారు అచ్చట వేలకొలదిగా పనిచేయుచుందురు. సుత్తిదెబ్బలును, ఱంపపు కూతలును వినుచునే మేము పప్పు పొయ్యిమీద పెట్టుదుము.

ఆ మ్రోతలలో ఈ మధ్య ఒక క్రొత్త మ్రోత చేరినది. కంప్యూటరు నడిపినట్లు నడచుచు చెక్కను చెక్కు యంత్రమది, దానిని సి.ఎన్.సి. యంత్రమందురు. క్రొత్త యిండ్ల పూజగది తలుపులపై తామరపూవులను, గంటలను ఇప్పుడు తఱచుగా చెక్కుచున్నది ఈ యంత్రమే. వడ్రంగి కొన్ని దినములు కూర్చుండి చేయు పనిని అది ఒక పూటలో ముగించును. ఆ యంత్రముతో మా కుటుంబమునకు కలిగిన పరిచయమును, అది మమ్ము నూజివీటివఱకు నడిపించిన తీరును సోదరీమణులకు విన్నవింప దలచితిని.

మా అమ్మగారి వీణ నూజివీటిలో చేసినది. ఆమె పోయిన పిదప అది అజిత్‌సింగు నగరులోనున్న మా అక్కయ్య యింట నుండెను. అక్కయ్య మనుమరాలు దానిమీదనే సరళీస్వరములు నేర్చుకొనుచుండెను. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతయు నీట మునిగినప్పుడు అక్కయ్యయు, బావగారును బిడ్డను తీసికొని మేడపైకి పోయిరి. వీణను తీయుటకు వ్యవధి లేకపోయెను. నీరు తీసిన పిదప చూడగా అది గవిసెనతో సహా బురదలో పడియుండెను.

అక్కయ్య దానిని కడిగి, తొందరపాటున ఎండలో నుంచినది. అదియే పొరపాటయ్యెను. తడిసిన కఱ్ఱను ఎండలో నుంచినచో పైపొర ముందుగా ఆరి ముడుచుకొనును. లోపలి భాగము తడితో ఉబ్బియే యుండును. ఆ పెనుగులాటలో కఱ్ఱ నెఱ్ఱెలు వాయును. దండి కొననున్న యాళిముఖము అతుకు విడిపోయి, దాని క్రింది దవడ నిలువున చీలెను. రెండు బిరడలు రంధ్రములలో బిగిసికొని, త్రిప్పబోగా విఱిగినవి. మెట్లను పట్టియుంచు మైనము పెళ్ళలుగా లేచినది. తడిసిన వస్తువును గాలి తగులు నీడలో మెల్లమెల్లగా ఆరనీయవలెనని మాకు తరువాత తెలిసినది.

క్రొత్త వీణ కొనుడని కొందఱు చెప్పిరి. అక్కయ్య అందుకు సమ్మతింపలేదు. వఱదలో అమ్మ ఫోటోలు పోయినవి, ఆమె చేతివ్రాత పుస్తకములు పోయినవి. మిగిలిన దీ వీణ యొక్కటియే. “ఇది కూడా పోతే ఆ పిల్లకు తాతమ్మ అంటే ఏమని చూపను?” అని యామె కన్నీరు పెట్టుకొనినది.

మా అన్నగారి కుమారుడు ఆటోనగరులో ఇనుపపని చేయువాడు. “అత్తయ్యా, విరిగిన ముక్కలు ఇటివ్వండి. యంత్రం అచ్చం అలాంటివే చెక్కి యిస్తుంది,” అనెను. చీలిన యాళిముఖమును జిగురుతో అతికించి, దాని రూపమును కంప్యూటరులోని కెక్కించిరి. అడితిలో ఒక పనసముక్క కొనితిమి. వాని కెఱిగిన యొక పనిశాలలో యాళిముఖమును, రెండు బిరడలను నాల్గు గంటలలో చెక్కి యిచ్చిరి.

రూపము చక్కగా కుదిరినది. కోఱలు, కనుబొమలు, చెవుల వంపులు అన్నియు ఉన్నవి. కాని చేయి వేసినంతనే మనస్సు కలుక్కుమనినది. చెక్కిళ్ళమీద నాగటిచాళ్ళవంటి సన్నని గీతలు. గడ్డము క్రింద తువాలుమీది నూగువలె లేచిన పీచు. ముక్కుకొన పెచ్చులూడి యున్నది. చెవిమడతలలో కఱ్ఱ మాడి నల్లబడినది. బిరడలును అట్లే గరుకుగా నుండెను. “గరుకు కాగితం పెట్టి రుద్దితే పోతుంది,” అని పనిశాలవారు చెప్పిరి.

నేను రెండు సాయంకాలములు కూర్చుండి రుద్దితిని. గీతలు పోయినవి, వానితోపాటు కోఱల వాడియు, కంటిఱెప్పల అంచును పోయినవి. తడిగుడ్డతో తుడువగా అణగిన నూగు మరల లేచి నిలిచినది. బిరడలను చేతిలో పట్టుకొని రుద్దుటచే వాని గుండ్రదనము చెడి కోడిగ్రుడ్డు వాటమునకు వచ్చినవి. రంధ్రములో నుంచి త్రిప్పగా ఒకచోట బిగియుచు, మఱియొకచోట జారిపోవుచుండెను. అట్టి బిరడకు బిగించిన తీగ శ్రుతి నిలుచుట యెట్లు? అప్పుడు అక్కయ్య, “పుట్టింటికే తీసుకుపోదాం పద,” అనినది. వీణ పుట్టినిల్లు నూజివీడు గదా!

ఒక ఆదివారమునాడు వేకువనే బయలుదేరితిమి. నూజివీడు విజయవాడకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున నున్నది. గన్నవరము వఱకు పెద్దరోడ్డు. అచ్చటనుండి ఎడమకు తిరిగి ఆగిరిపల్లి మీదుగా పోవలెను. కాలువల క్రింది వరిచేలు వెనుకబడి, నేల ఎఱ్ఱబాఱి, మిట్టపల్లములు కనబడును. ఆగిరిపల్లిలో శోభనాచలముమీది నరసింహస్వామికి దూరమునుండియే నమస్కరించితిమి. అటుపై దారి కిరుప్రక్కల మామిడితోటలే. రసములు, బంగినపల్లి కాయలు ఈ సీమనుండియే బండ్లకెత్తి దూరదేశములకు పోవును. నూజివీడు పూర్వము జమీందారుల పట్టణము. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున క్రొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది. మామిడిపండ్ల తరువాత ఆ యూరికి పేరు తెచ్చినది వీణయే.

మేము వెళ్ళిన పనిశాల ఒక పాత పెంకుటింటి వసారా. పనసమొద్దులు గోడకు చేరవేసి యున్నవి. వానిని కోసినప్పుడు పసుపువన్నె పొట్టు రాలుచుండెను. ఒక యువకుడు కుండ లోపలి భాగమును బాడిసతో తొలుచుచుండెను. కుండ గోడలు మరీ లావైనచో నాదము మ్రొద్దుబాఱును. మరీ పలుచనైనచో బలము చాలదు. అందుచేత అతడు నడుమనడుమ వెలుపలినుండి వ్రేలితో కొట్టి, చెవి యొగ్గి వినుచుండెను. వేఱొకచోట దండిపై 24 మెట్లు నిలుపుటకు మైనమును మసితో కలిపి మెత్తగా చేయుచుండిరి. మెట్లను ఇట్లు స్థిరముగా నిలిపిన 24 మెట్ల వీణకు నేటి రూపము తంజావూరి రఘునాథనాయకుని కాలమున ఏర్పడినదని పెద్దలు చెప్పుదురు. పదునేడవ శతాబ్దమున తంజావూరు నేలిన ఆ ప్రభువు తెలుగు కవియు గూడ.

పనిశాల పెద్దాయన మా మూటవిప్పి యాళిముఖమును చేతిలోనికి తీసికొనెను. ఏమియు మాటలాడలేదు. ఒక దూది ఉండను తెప్పించి దానిపై మెల్లగా ఒకమాఱు ముందునకు, ఒకమాఱు వెనుకకు నడిపెను. ఒకవైపు నడిపినప్పుడు దూది జాఱిపోయినది. మఱియొకవైపు నడిపినప్పుడు పోగులు పోగులుగా కఱ్ఱకు చిక్కుకొనినది.

“చూశారా అమ్మా, పిల్లి వీపు నిమిరినట్టే. కర్రకీ వాటం ఉంటుంది. దీన్ని వాటానికి ఎదురుగా కోశారు,” అని చెప్పెను.

తరువాత ముక్కను చెంపకు ఆనించి చూచెను. “చల్లగా ఉంది. ఇంకా పచ్చి వదలలేదు. పచ్చికర్రలో పీచు తెగదు, వంగి పోతుంది. ఉలి దాటాక మళ్ళీ లేస్తుంది. చెవుల దగ్గర మాడిందంటే కత్తి మొద్దుదై ఉండాలి.” అటుపై బిరడను రెండువ్రేళ్ళ నడుమ దొర్లించి చూచి నవ్వెను. “ఇది మటుకు ఎవరో ఇంట్లోవాళ్ళు చేసిన పని!”

నేను సిగ్గుపడి నా నేరమొప్పుకొంటిని. అప్పు డాయన చెప్పిన మాటయే ఈ వ్యాసమున కంతటికిని ప్రాణము. “అమ్మా, నునుపు చివర పూసేది కాదు. మొదటి కోతలో వస్తే వచ్చినట్టు. గరుకు కాగితం ఉన్న నునుపుకు మెరుగు పెడుతుంది గాని, లేని నునుపు తేలేదు.”

ఆ మాట నిజమని చూపుటకు ఒక మిగులు పనసముక్కను తీసికొని, దానిపై చిత్రిక పట్టెను. ఒకదిశను పట్టగా పొట్టు ఉల్లిపొరవలె చుట్టలు చుట్టుకొని వచ్చినది; క్రింద కఱ్ఱ అద్దమువలె మెఱసినది. ముక్కను త్రిప్పి ఎదురుదిశను పట్టగా పొట్టు ముక్కలై రాలినది. క్రింద సన్నని గుంటలు పడినవి. కఱ్ఱయు అదే, పనిముట్టును అదే, చేయియు అదే. పనసలో పీచు ఒకపొరలో ఒకవైపునకును, వేఱొక పొరలో మఱియొకవైపునకును వాలియుండుట కలదు గనుక, పనివాడు అడుగడుగునకు వాటము చూచుకొనవలెను. యాళిముఖమువంటి వంపుల పనిలో ఎల్లప్పుడును మిట్టనుండి పల్లమునకే ఉలి నడుపవలెను. మొండి కత్తిపీటతో గోంగూరకాడను కోసిన పీచు సాగి వ్రేలాడుటయు, పదునైనదానితో కోసిన పుటుక్కున తెగుటయు మన మెఱుగనిది కాదు. వీణపనియు అంతే.

యంత్రముతో చేయించుట తప్పయ్యెనా యని అక్కయ్య భయపడుచు అడిగెను. అందుల కాయన, “యంత్రానిదీ ఉలే గదమ్మా! ఉలి ధర్మం దానికీ తప్పదు. అది చేతికన్న నిక్కంగా నడుస్తుంది. కర్ర మాట మాత్రం వినలేదు. ఆ వినేది ఎవరో పక్కన ఉండాలి,” అనెను. తనవద్దనున్న పాతకఱ్ఱలో ఒక చేవముక్కను ఏరి మాకిచ్చి, దానిని నెలదినములు మా యింటిలో నుంచి, వారమున కొకమాఱు తూచి, బరువు తగ్గుట నిలిచిన పిదపనే చెక్కింపుడని చెప్పెను. కఱ్ఱ కొసలనుండి తేమ త్వరగా పోయి చీలును గనుక, రెండు కొసలకును మైనము పూసి యిచ్చెను.

మన ఆంధ్రదేశమున కఱ్ఱకు నునుపు తెచ్చు మార్గములు పలువిధములుగా నున్నవి. మా విజయవాడకు సమీపముననే యున్న కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయుదురు. వారు చింతగింజల పిండిని ఱంపపుపొట్టుతో కలిపి మక్కు చేసి, దానితో అతుకులను, పల్లములను పూడ్చి, పైన సున్నము పూసి రంగులు వేయుదురు. ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తిరుగుచున్న తరిమెనపై నుంచి లక్కకఱ్ఱను ఆనించగా, రాపిడివేడికి లక్క కరగి పట్టుకొనును. దానిని మొగలియాకుతో ఒత్తి మెఱుగు తెత్తురు. బొమ్మకు ఈ రెండును తగినవే. వీణకు మాత్రము ఇట్టి కప్పు పనికిరాదు. కుండపై పలక తీగలతోపాటు కంపించినగాని నాదము పుట్టదు. దానిపై లప్పముగాని, దళసరి మెఱుగునూనెగాని పట్టించినచో ఆ కంపము మందగించును. కాన వీణ చేయువానికి లోపము కప్పిపుచ్చు వీలు తక్కువ. కోతయే శుభ్రముగా నుండవలెను. ఉత్తరాంధ్రమున బొబ్బిలి దగ్గఱ గొల్లపల్లిలో కుండ, దండి, శిరస్సు అన్నియు ఒకే మొద్దునుండి తొలుచు వీణలు చేయుదురు. 2011వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వీణలలో ఒక తప్పుకోత పడినచో మొద్దంతయు వృథా యగును.

నెలదినములు ఆ ముక్క మా వంటింటి అటకపై నుండెను. మొదటివారము 1 కిలో 920 గ్రాములు తూగినది క్రమముగా తగ్గి 1 కిలో 870 వద్ద నిలిచి, తరువాత రెండువారములును మాఱలేదు. అప్పుడు మేనల్లునితో కలిసి నేనును ఆటోనగరు పనిశాలకు వెళ్ళితిని. ఆ యంత్రము నడుపు యువకుడు మంచివాడు. పెద్దాయన మాటలు చెప్పగా శ్రద్ధగా విని, తాను మొదట చేసిన పనిని లెక్కవేసి నాకు చూపెను. ఆ లెక్క సోదరీమణులకును తెలిసియుండుట మంచిది.

యాళిని చెక్కిన కత్తి కొన గుండ్రనిది. దాని అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు. అది గీతప్రక్క గీతగా నడచుచు ముఖమును తీర్చును. మొదటిమాఱు గీతకును గీతకును నడుమ 1.2 మిల్లీమీటర్ల యెడముంచిరి. గుండ్రని కొన రెండు గీతల నడుమ ఒక చిన్న గట్టును విడుచును. ఆ గట్టు ఎత్తు 0.06 మిల్లీమీటరు, ఇంచుమించు తలవెండ్రుక మందము. కన్ను గుర్తింపకున్నను వ్రేలు గుర్తించును. యెడమును సగముచేసి 0.6 మిల్లీమీటరు చేసినచో గట్టు నాల్గవవంతునకు, అనగా 0.015 మిల్లీమీటరునకు దిగును. కాలము మాత్రము రెండింతలు పట్టును. మేము తొందర లేదంటిమి.

రెండవ విషయము కత్తి నడక. అది నిమిషమునకు 18,000 చుట్లు తిరుగును; దానికి రెండంచులు. నిమిషమునకు 3,600 మిల్లీమీటర్లు ముందునకు సాగినచో ఒక్కొక్క అంచు చుట్టునకు 0.1 మిల్లీమీటరు పొర తీయును. మెల్లగా పోయిన నునుపు వచ్చునని తలచి ఆ యువకుడు నడకను 600కు తగ్గించెనట. అప్పుడు అంచునకు 0.02 మిల్లీమీటరైనను దొరకక, కత్తి కోయుట మాని రాచుకొనినది. రాపిడికి వేడి పుట్టి కఱ్ఱ మాడినది, అంచును మొద్దుబాఱినది. నిదానమే ప్రధానమను మాట అన్నిచోట్లను చెల్లదని అప్పుడు గ్రహించితిని!

మూడవది దిశ. కఱ్ఱ ప్రక్కన కత్తి ఒకవైపునకు నడచినచో దాని అంచు పొరను సన్నగా మొదలిడి లావుగా ముగించును. ముగింపున పీచును ఎత్తి చించును. మాఱువైపునకు నడిపినచో లావుగా మొదలిడి సన్నగా ముగించును. పీచు అణగి తెగును. అయితే ఈ రెండవ తీరున కత్తి కఱ్ఱపైకి తానే ఉఱుకజూచును. అందుచేత లావుపని యంతయు మొదటితీరున చేసి, కడపట అర మిల్లీమీటరు మాత్రము మిగిల్చి, ఆ పొరను క్రొత్త కత్తితో రెండవతీరున తీయుట క్షేమము. ఇనుముపనిలో ఇది తమ కెఱుకయే గాని, కఱ్ఱకును పనికివచ్చునని తోచలేదని ఆ యువకుడు చెప్పెను. పెద్దాయన కొసయం దొక పెన్సిలుగీత గీసి, వాటము ఏవైపునకున్నదో గుర్తు పెట్టియుండెను. ఆ గుర్తు చూచి, చెక్కిళ్ళమీద కత్తి మిట్టనుండి పల్లమునకు దిగునట్లు దారులు మార్చిరి.

ఈసారి ముక్క చేతికి రాగానే అక్కయ్య తన కొంగును దానిపై వేసి లాగిచూచినది. నూలుచీర కొంగు ఎచ్చటను చిక్కుకొనలేదు. ఇద్దఱమును ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి.

మెఱుగుపని పెద్దాయన చెప్పిన క్రమముననే చేసితిని. నీటిలో ముంచి బాగుగా పిండిన గుడ్డతో ఒకమాఱు తుడిచి ఆరనిచ్చితిని. మిగిలిన నూగు ఏదైన నున్న అప్పుడే లేచును. తరువాత 180వ నంబరు గరుకు కాగితముతో వాటము వెంబడిని తేలికగా రుద్ది, మరల తడిపి ఆరనిచ్చి, 240వ నంబరుతో, పిదప 320వ నంబరుతో రుద్దితిని. ఒక నంబరును దాటవేసినచో ముందు కాగితపు గీతలు నిలిచిపోయి, మెఱుగు వేసిన తరువాత బయటపడును. ఒక్కొక్క నంబరు ముగిసిన తరువాత పొట్టును శుభ్రముగా తుడువవలెను. లేనిచో పాత రేణువు క్రొత్త గీత గీయును. ఈ పని చేయునప్పుడు ముక్కునకు మాస్కు కట్టుకొనుట తప్పనిసరి. కఱ్ఱపొడి ఊపిరితిత్తులకు కీడు చేయును. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. కడపట స్పిరిటులో కరగించిన లక్కను గుడ్డ ఉండతో పలుచపలుచగా, ఒక పొర ఆరిన పిదప మఱియొక పొరగా పట్టించితిని.

బిరడలను నేను ముట్టలేదు. వానిని నూజివీటిలో పెద్దాయనయే తరిమెనపై గట్టికఱ్ఱతో చేసెను. తిరుగుచున్న బిరడకే గరుకు కాగితము నానించినచో గుండ్రదనము చెడదు. రంధ్రములో నుంచి రెండుమాఱులు త్రిప్పి తీసిచూడగా, ఒరసికొనినచోట మాత్రము నిగనిగ కనబడెను. ఆ నిగనిగలాడు భాగమునే రవంత గీసి, మరల త్రిప్పి చూచెను. ఇట్లు పదిమాఱులైన తరువాత నిగనిగ చుట్టును సమముగా వచ్చినది. అప్పు డాయన బిరడకు కొంచెము సుద్దపొడి పూసెను. అంత నునుపు చేసి సుద్ద పూయుట యేలయని నేనడుగగా, “తిరగాలి, నిలవాలి. రెండూ చెయ్యాలి గదమ్మా,” అనెను. నునుపు వేఱు, జారుడు వేఱు అని ఆ చిన్న బిరడ నాకు నేర్పినది.

యాళిని అతికించి, మైనము క్రొత్తగా పోసి, మెట్లను శ్రుతికి సరిగా నిలిపి, తీగలు కట్టుటకు మఱి మూడువారములు పట్టినది. దండి క్రిందిభాగమును, వ్రేళ్ళు జారుచోట్లను పెద్దాయన తన అరచేతితో ఎన్నిమాఱులు నిమిరిచూచెనో లెక్కలేదు. వీణ వాయించువారి ఎడమచేయి ఆ దండివెంట దినమునకు వందలమాఱులు పోయి వచ్చుచుండును. పసిబిడ్డ వ్రేలిలో ఒక్క పేడు గ్రుచ్చుకొనినచో మఱునాడు ఆ బిడ్డ వీణయొద్దకు రాదు. నునుపు కంటికి అలంకారము మాత్రమే యని తలచుట పొరపాటు.

వీణ ఇంటికి వచ్చిననాడు ఒక చిక్కు మిగిలినది. పాతదండి తేనెవన్నెలో ముదురుగా నుండగా, క్రొత్త యాళిముఖము పచ్చగా, పసుపు పూసికొనిన పెండ్లికూతురి ముఖమువలె నుండెను. రంగు వేసి కలిపెదమా యని మేనల్లుడు అడిగెను. పనస మొదట పసుపువన్నెగా నుండి, వెలుతురు తగిలినకొలదిని తానే ముదురునని పెద్దాయన చెప్పియుండెను. “ఉండనీరా. అది పెద్దదయ్యేలోపు పిల్లా పెద్దదవుతుంది,” అని అక్కయ్య వారించినది.

మనుమరాలు వీణను ఒడిలోనికి తీసికొని, మొదట మీటలేదు. యాళి నుదుటిమీద వ్రేలు రాచి, “అమ్మమ్మా, ఇది తాతమ్మ ముట్టుకోనిది గదా?” అని యడిగినది. అక్కయ్య ఆ చిన్నచేతిని తీసికొని దండిమీద, మెట్ల ప్రక్కనున్న పాతకఱ్ఱపై నుంచినది. ఏబది యేండ్లు అమ్మ చేయి నడచినందున అచ్చట ఏ కత్తియు, ఏ కాగితమును తేలేని నునుపు తేలియున్నది. బిడ్డ దానిని తడవి చూచి, మాటలాడక శ్రుతి మీటినది. బిరడలు నిలిచినవి.

సోదరీమణులారా, మీ యింటికి పూజగది తలుపో, ఉయ్యాలబల్లయో, బిడ్డకు బొమ్మయో యంత్రముతో చెక్కించుచున్నచో, సొమ్ము చెల్లించుటకు ముందు ఒక దూది ఉండను దానిపై ఇరువైపులకు నడిపి చూడుడు. కఱ్ఱ ఆరినదా, కత్తి పదునుదా, వాటమెఱిగి నడిపితిరా యని ఈ మూడు ప్రశ్నలును అడుగుడు. తరువాత రుద్దుకొనవచ్చునన్న మాట విని మాత్రము ఇంటికి తెచ్చుకొనకుడు. వీలైనపు డొకమాఱు నూజివీడు పోయి, ఆ వసారాలో పనసపొట్టు నడుమ గడియసేపు కూర్చుండి రండు.